సాహిరా తీయని యాంటీవైరస్

తోటపల్లి గూడూరు దగ్గర మా రొయ్యల కొనుగోలు ఆఫీసులో తలా ఒక తెర ఉంది గానీ, పనిచేసే కంప్యూటరు ఒక్కటే. లోపలి గదిలోని ఆ సర్వరులోకే అందరం లాగిన్ అవుతాం. దాన్ని చూసుకునేది సాహిరా. కావలిలో డిగ్రీ చదివింది. మాట తక్కువ, మొండితనం ఎక్కువ.

చెరువుల్లో రొయ్యల పట్టుబడి మొదలైతే సర్వరు మా ప్రాణం తీసేది. గేటు దగ్గర లారీలో ఐసు కరుగుతుంటే తూకం చీటీ తెరమీదే ఇరుక్కుపోయేది. ఓనరు జయకుమార్ గారు ఒకరోజు మండిపడ్డారు.

"మెమరీ అంతా ఆ యాంటీవైరస్సే తింటా ఉందంట. సాయంత్రానికి తీసెయ్. లేదంటే నీ బదులు నెల్లూరు నుంచి మనిషిని తెచ్చుకుంటా."

ఆమె ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోంది. అయినా తీయడానికి మనసొప్పలేదు. ఒక్కరు చెడ్డ ఫైలు తెరిస్తే అందరి పనీ పోతుంది మరి.

కూర్చుని వెతికితే సంగతి తేలింది. వైరస్‌ను పట్టే కాపలా అందరికీ కలిపి ఒక్కటే. లాగిన్ అయిన ప్రతివాళ్ల తెరమీదా దాని గుర్తు చూపించడానికి మాత్రం విడివిడిగా ఒక్కో ప్రోగ్రాం నడుస్తోంది. పైగా మేమెవ్వరం సైన్ ఔట్ కొట్టం. తెర మూసేసి బస్సుకి పరిగెడతాం. మేం ఇంటికి పోయినా మా ప్రోగ్రాములు లోపల మెమరీ తింటూనే ఉంటాయి.

సైన్ ఔట్ కొట్టమని సాహిరా అడిగితే, తూకం చీటీలు తీసే ఎస్తేరమ్మ ససేమిరా అంది.

"పోతా పోతా ఔట్ అని నొక్కేదేందమ్మాయ్? పోయొస్తా అని పోవాల గానీ!"

నిజం చెప్పాలంటే మాకూ అది సబబుగానే తోచింది.

సాహిరా వాదించలేదు. ఆ గుర్తులు రాకుండా ఆపేసి, హెచ్చరికలు తన తెరకే వచ్చేలా పెట్టింది. మేం వదిలేసి పోయిన లాగిన్లు కాసేపటికి వాటంతటవే సైన్ ఔట్ అయ్యేలా చేసింది.

మర్నాడు చీటీలు చకచకా వచ్చాయి. తెరమూల గుర్తు కనపడకపోయేసరికి జయకుమార్ గారు మురిసిపోయారు.

"చూసినావా, తీసేస్తే ఎట్లా పరిగెత్తతా ఉందో!"

సాహిరా నోరు తెరవబోయి ఊరుకుంది. ఆ ఊరుకోవడమే తనను నిద్రపోనివ్వలేదని తర్వాత నాతో చెప్పింది.

కొన్నాళ్లకు, సాయంత్రం బస్సు వేళకి, జయకుమార్ గారు మెయిల్లో వచ్చిన మేత బిల్లు ఒకటి నొక్కారు. తెరుచుకోలేదు. సాహిరా తెరమీద ఎర్రగా హెచ్చరిక పడింది.

"అది వైరస్ సార్. యాంటీవైరస్ ఆపేసింది."

"తీసేయమన్నా కదా?"

"తీయలేదు సార్. కనపడకుండా చేసినాను, అంతే. మీ మాట వినలేదు. పొమ్మంటే పోతా."

ఆయన గ్లాసెడు నీళ్లు తాగారు.

"పోతా అనబాకమ్మా," అన్నారు. "పోయొస్తా అను."