పుట్టి పెద్దమ్మ చేతులు

కృష్ణానది మీద పుట్టి, అంటే గుండ్రటి బుట్ట పడవ, నడిపే ఆవిడను మా రెంటచింతల వాళ్లమంతా పెద్దమ్మ అనేవాళ్లం. చలికాలం ఉదయాల్లో ఏటి నడుమకు రాగానే తెడ్డు ఒళ్లో పెట్టుకుని, చేతులు రెండూ చంకల్లో దాచుకునేది. పుట్టి గిర్రున తిరుగుతున్నా పట్టించుకునేది కాదు.

"ఏందయ్యా ఆ చూపు? వేళ్లు మొద్దుబారితే తెడ్డు జారిద్ది. అప్పుడు నువ్వు దూకి తోస్తావా?" అనేది.

కిందటి డిసెంబరులో, అవతలి ఒడ్డున అక్క ఇంట్లో ఉన్న అమ్మకు జ్వరం ముదిరిందని, ఇక గంటల మీద ఉందని ఫోను వచ్చింది. చివరి ఘడియల్లో ఫాదరుగారు తైలం పూసి ఇచ్చే అవస్థ అభ్యంగనం అందకుండానే కన్నుమూస్తుందేమోనని నా భయం. తెల్లవారుతుండగా ఫాదరుగారిని వెంటబెట్టుకుని పుట్టి ఎక్కాను. సంగతి విన్న పెద్దమ్మ ఆ రోజు ఏటి నడుమ ఆగలేదు. ఒడ్డు చేరాక ఆమె వేళ్లు తెడ్డును వదలకపోతే ఫాదరుగారే మెల్లగా విడదీశారు. పొయ్యి దగ్గర చేతులు కాచుకుందువు రమ్మని ఆమెను కూడా ఇంటికి తీసుకెళ్లాను.

ఫాదరుగారు అమ్మ నుదుటికీ అరచేతులకూ పవిత్ర తైలం పూసి ప్రార్థించారు. అమ్మ కళ్లు తెరిచింది. గుమ్మంలో వణుకుతూ నిలబడ్డ పెద్దమ్మ కనబడింది.

"ఏమే, ఇట్టా రా. ఆ చేతులు ఇటియ్యి."

జ్వరంతో కాలిపోతున్న తన అరచేతుల మధ్య ఆ చేతులను పెట్టుకుంది. తైలం ఇద్దరికీ అంటింది.

"చానా వెచ్చగున్నయ్యి అక్కా," అంది పెద్దమ్మ.

ఆ గదిలో ప్రభువు ఉన్నాడని నేను నమ్ముతాను. అమ్మ చేతులు చల్లబడ్డాక కూడా పెద్దమ్మ తన చేతులు వెనక్కి తీసుకోలేదు.