బిడ్డ చదువుకిచ్చిన పెంటికలు

జడ్చర్లలో ఓ మందుల ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలా కుర్చీలో కూర్చునే ఐలేశం, మొన్నమొన్నటి దాకా కల్వకుర్తి పక్క ఊళ్లో పేరున్న గొర్లకాపరి. ఎండనక వాననక మంద వెనక తిరిగి, కూతురు మల్లీశ్వరిని హైదరాబాదులో పరిశోధన దాకా చదివించాడు. ఆమె చేసేది వెలుగును సుడి తిప్పే పని. మంద ఇంకా ఉన్నప్పుడే, ఓ దసరాకు ఇంటికొచ్చి తండ్రికి అర్థమయ్యేలా చెప్పింది.

"వాగుల సుడి చూసినవ్ గద బాపూ, నడిమిట్ల గుంతయితది. మేం వెలుగును గట్ల తిప్పుతం, నడుమ చీకటుంటది. దాన్ని మైక్రోస్కోపుల పెడితే కంటికి ఆననియి గూడ అంచులు మెరిసి కనవడ్తయ్. కంప్యూటర్ కూసోని చేసే లెక్క వెలుగే చేసేస్తది."

"గొర్ల కార్జంల వడే జలగపురుగు గుడ్లు గూడనా?"

"అవి గూడ. మన మందల పెంటికలు తెచ్చియ్యి, చూద్దాం."

అప్పటికే కొన్ని గొర్రెలకు దవడ కింద నీరు దిగుతోంది. జలగ మందు తాపమని భార్య గుర్వమ్మ పోరుతోంది. ఐలేశం మాత్రం దేవునికి మొక్కిన పొట్టేలును ఏరినట్టే ఏరాడు. నిగనిగలాడే గొర్రెల వెనకే తిరిగి, అవి వేసిన పెంటికలే పొట్లాలు కట్టాడు. ఈడ్చుకుంటూ నడిచే రోగిష్టి గొర్రెలవి బిడ్డ చదువుకు ఇస్తాడా, ఛీ! ఏ గొర్రెలవని మల్లీశ్వరి కూడా అడగలేదు. మందలో పుట్టి పెరిగిన పిల్లకు ఆ మాత్రం తట్టలేదంటే ఏమనాలి? ఆ పెద్ద చదువును తిట్టాలనిపిస్తుంది.

వారానికి ఫోన్ వచ్చింది. "ఒక్క గుడ్డు గూడ లేదు బాపూ. మంద సాఫ్‌గున్నది."

ఇక ఐలేశం కాలు నేల మీద ఆనలేదు. చాయ్ హోటల్లో అందరికీ చెప్పాడు. గుర్వమ్మ మందు సీసా తెస్తే కసిరాడు. "బిడ్డ మిషినుకు తెల్వంది నీకు తెల్సా? జర నోర్మూసుకో."

చలికాలం పోయేలోగా సూడి గొర్రెలు కడుపులో పిల్లలతో సహా చచ్చిపడి, మంద ఖాళీ అయింది. పశువుల డాక్టరు ఒకదాన్ని కోసి చూపించాడు. కార్జం నిండా జలగలే. కబురందిన మల్లీశ్వరి వచ్చేసరికి గుంత తవ్వేశారు.

"ఏ గొర్లవి ఇచ్చినవ్ బాపూ?"

"మంచియే ఇచ్చిన బిడ్డా. రోగపుయి నీకెట్లిస్త?"

ఆమెకు కోపం వచ్చింది, తండ్రి మీదో తన మీదో.

ఐలేశం చచ్చిన గొర్రెలను చూడలేదు, ఆమె ముఖమే చూశాడు. "మిషిను తప్పు చెప్పలే గద?"

"చెప్పలే బాపూ."

"గంతే చాలు," అన్నాడు. నిజంగానే ఊపిరి పీల్చుకున్నాడు, పిచ్చి మారాజు. గుర్వమ్మ వాళ్లిద్దరి వైపూ చూడకుండా పార తీసుకుని గుంతలోకి మన్ను లాగసాగింది.