బోటుకి కట్టిన టెంటు

ఆ రాత్రి సముద్రం మా టెంటులోకి వచ్చి, నా పక్కబట్టలు తడిపి, మర్యాదగా వెనక్కి వెళ్ళిపోయిందని మా వీధిలో అందరికీ చెప్పాను. పక్కబట్టలు తడిసిన మాట వాస్తవం. తడిపింది మాత్రం సముద్రం కాదు, మా మనవరాలు. ఎనిమిది నెలల పిల్ల. సముద్రం తన హద్దులో తన పని తాను చేసుకుంటోంది.

ఇలా మొదట్లోనే ఒప్పేసుకుంటే మిగతాది నమ్ముతారని నా ఆశ.

సంగతేటంటే, మా అమ్మాయికి విజయనగరంలోనే బ్యాంకు ఉద్యోగం. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య రెండు వీధులు. రెండో కాన్పుకి పెట్టి, పొడిగించిన సెలవు కూడా అయిపోవస్తోంది. ఆ తర్వాత పగటిపూట పిల్లలిద్దరూ ఎక్కడుండాలి? మా ఆవిడ బడిపంతులమ్మ, ఇంకా రిటైరు కాలేదు. కాబట్టి మిగిలినవి రెండే దార్లు. ఒకటి, బ్యాంకు వెనక సందులో కొత్తగా తెరిచిన క్రెష్. గోడల నిండా జిరాఫీ బొమ్మలు. రెండోది నేను. నా మీద ఏ బొమ్మలూ లేవు.

నాకు ఆ పిల్లలు కావాలి. పొద్దున్న పేపరు చదివి, మధ్యాహ్నం మళ్ళీ అదే పేపరు చదివే మనిషికి పగలు ఎంత పొడుగో ఉద్యోగాలు చేసేవాళ్ళకి తెలీదు. ఆ మాట అమ్మాయితో తిన్నగా అనొచ్చు కదా. అనలేదు. నా గొప్పలు చెప్పుకుంటూ పోయాను. ఆ ఊపులో ఓ రోజు, లారీల మీద తిరిగే కాలంలో ఇచ్ఛాపురం నుంచి భోగాపురం దాకా సముద్రపొడ్డున నేను వెన్ను వాల్చని ఇసక లేదన్నాను.

మా అల్లుడు మంచివాడు. అంటే, విన్నదల్లా నమ్ముతాడు. అప్పటికప్పుడు ఫోనులో నారింజ రంగు టెంటొకటి కొనేశాడు. భోగాపురం అవతల తీరానికి పిల్లల్ని తీసుకెళ్ళి ఒక రాత్రి అక్కడే పడుకుందామన్నాడు, మావయ్యగారుండగా మనకి భయమేమిటన్నాడు. అమ్మాయి నన్ను తేరిపార చూసింది. "సరే నాన్నా. అక్కడ ఇద్దర్నీ నువ్వే సూసుకో. వచ్చినాక క్రెష్ సంగతి తేల్చుకుందాం" అంది.

పరీక్షన్నమాట.

ఇక్కడ ఇంకోటి ఒప్పుకోవాలి. నాది సాలూరు. సాలూరు వాడంటే లారీ వాడేనని లోకం నమ్మకం, ఆ నమ్మకాన్ని చెడగొట్టడం నాకెప్పుడూ ఇష్టం లేకపోయింది. నిజానికి నేను లారీ ఆఫీసులో గుమాస్తాని. సముద్రం పక్కన కాదు, ఆఫీసు బల్ల కింద పడుకున్నాను. లారీ ఎక్కి నేను వెళ్ళిన మహా దూరం పక్కనున్న రామభద్రపురం దాకా, అదీ ఒకరి పెళ్ళికి. కాకపోతే లోడు కట్టడం మాత్రం వచ్చు. టార్పాలిన్ మీదుగా ఈ పక్క నుంచి ఆ పక్కకి తాడు విసిరి, కిందకి గుంజి, లాగినకొద్దీ బిగుసుకునే ముడి వెయ్యడం పాత క్లీనర్ల దగ్గర నేర్చుకున్నాను. నా గొప్పలన్నిట్లోనూ నిజం అదొక్కటే. నా కొంప ముంచింది కూడా అదే.

మా ఆవిణ్ణి కూడా రమ్మన్నాం. "ఇసకలో తొంగోడానికి నేనేటి పీతనా?" అని ఆవిడ కదల్లేదు.

కారులో సామాను చూస్తే మేము ఒక్క రాత్రికి కాదు, ఆ తీరాన్ని ఏలడానికి వెళ్తున్నామనిపించింది. డైపర్లు, ఫ్లాస్కు, ఉగ్గు గిన్నె, దోమతెర, పాకే పిల్ల కింద పరిచే చాప, మూడేళ్ళు నిండని మనవడి ప్లాస్టిక్ లారీ. వాడికి లారీల పిచ్చి. నేనే పట్టించాను. దారి పొడుగునా ఎదురొచ్చిన ప్రతి లారీకీ వాడు నమస్కారం పెట్టాడు. నేనూ పెట్టాను. అల్లుడు కూడా ఒకసారి పెట్టబోయి స్టీరింగు గుర్తొచ్చి ఆగాడు.

తీరాన ఒక చిన్న బెస్త పల్లె. ఊళ్ళో పెద్దమనిషిని అడిగితే, ఎక్కడ కావాలంటే అక్కడ పడుకోండి, మాకేటి, అన్నాడు. వెనక సరుగుడు తోట ఉంది. గాలి చాటుకి అక్కడ వేద్దామంటే, మా అమ్మాయికి అలలు దగ్గరగా వినిపించాలట. ఒడ్డుకి లాగి పెట్టిన ఫైబర్ బోటు పక్కన టెంటు వేశాం.

వేశాం అంటే, అల్లుడు ఫోనులో వీడియో చూస్తూ వేశాడు. నేను దూరం నుంచి అజమాయిషీ చేశాను.

సాయంత్రం అమ్మాయిని, అల్లుణ్ణి అలా నడిచి రమ్మని పంపేశాను. పిల్లలు నా చేతిలో ఉంటే నిద్రపోయినట్టే లెక్క, నిశ్చింతగా వెళ్ళండన్నాను. వాళ్ళు కనుచూపు దాటేలోగా మనవడు గుప్పెడు ఇసక నోట్లో పోసుకున్నాడు. అది ఉమ్మించేలోగా చంటిది చాప దాటి పాకి పీత కన్నంలో వేలు పెట్టబోయింది. దాన్ని ఎత్తుకుంటే ఏడుపు. వీడు పీతల వెంట పరుగు. ఒక చంకలో దాన్ని, ఒక చేత్తో వీడి చొక్కా పట్టుకుని, ఆ తీరంలో నేను చేసిన నాట్యం చూసి రెండు కుక్కలు లేచి కూర్చున్నాయి.

కాస్త అవతల ఒకామె ఎండిన చేపలు తట్టలోకి ఎత్తుతోంది. నా వయసుకి కాస్త తక్కువుంటుంది. ఎంతసేపు చూసిందో, నవ్వు ఆపుకోలేకపోతోంది. నేనూ కాసేపు బింకంగా నిలబడ్డాను. చంటిది ఎక్కిళ్ళు పెట్టేసరికి బింకం సడలింది.

"అమ్మా, దీన్ని కాసేపు పట్టుకుంటావేటి?" అన్నాను.

చేతులు కడుక్కుని, పమిటకి తుడుచుకుని వచ్చింది. చంటిదాన్ని భుజాన వేసుకుని ఏదో కూనిరాగం తీసింది. నిద్ర. అంతే. నేను జోకొడితే కళ్ళు తెరిచే పిల్ల, ఆవిడ చెయ్యి వేస్తే మూసేసింది. ఈ సంగతి మా అమ్మాయికి చెప్పొద్దని బతిమాలాను. అలాగేనని తలూపింది. వాళ్ళు తిరిగొచ్చేసరికి పిల్ల చాప మీద పడుకుని ఉంది, నేను పక్కన విసనకర్రతో మహర్షిలా కూర్చుని ఉన్నాను.

పొద్దు వాలాక గాలి లేచింది. ఇసకలో దిగ్గొట్టిన మేకులన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. టెంటు ఊపిరి పీల్చి వదులుతోంది. కట్టని లోడు చూస్తే సాలూరు వాడికి ముద్ద దిగదు. కారులోంచి తాడు, గోనె సంచులు తెచ్చాను. ఒక పక్కన సంచుల్లో ఇసక నింపి, తాడు ఒక కొస వాటికి కట్టాను. టెంటు మీదుగా తాడు విసిరి, రెండో కొసని దొరికిన బలమైన వస్తువుకి బిగించాను. ఆ వస్తువు బోటు.

మీరు నవ్వుతారు. కానీ ఆ బోటు నీడలో ఒక మేక పడుకుని నెమరేస్తోంది, లోపల వలైనా లేదు. నాలాగే రిటైరైన బోటనుకున్నాను.

టెంటు రాయిలా నిలబడింది. అల్లుడు మెచ్చుకున్నాడు. చంటిది ఆ రాత్రి ఒకే ఒక్కసారి లేచింది, అది కూడా నా పక్కబట్టల కార్యక్రమానికే. పిల్ల పుట్టాక మా అమ్మాయి కంటినిండా పడుకోలేదు. ఆ అలల హోరుకి, బస్తాలా పడి నిద్రపోయింది. నోరు కూడా కొంచెం తెరిచింది. చిన్నప్పుడు అలాగే పడుకునేది.

తెల్లవారుతుండగా టెంటు నడిచింది.

సముద్రం సగం దాకా వెళ్ళాం అని మా ఆవిడకి చెప్పాను. ఒక మూర కదిలాం. నా పక్కనున్న మనవడు లేచి కూర్చుని, కళ్ళు మెరుస్తుండగా, "తాతా, లారీ బయల్దేరింది" అన్నాడు.

బయట మగాళ్ళ గొంతులు. "ఎవుడ్రా బోటుకి లోడు కట్టినోడు?"

చంటిది కదిలింది. అది ఏడిస్తే తల్లి లేస్తుంది. అల్లుడు ఏ గోలకీ లేచే రకం కాదు. దాన్ని ఎత్తుకుని, మనవణ్ణి ముందు పెట్టుకుని మెల్లగా బయటకొచ్చాను. ఆరుగురు మనుషులు, ఒకడి భుజాన వల, అందరి కళ్ళూ నా ముడి మీద. పుట్టి బుద్ధెరిగాక తాళ్ళతోనే బతికే మనుషులు, పాపం, ముగ్గురు మూడు రకాలుగా ప్రయత్నించారు. రాలేదు. లాగినకొద్దీ బిగుసుకుంటుందని చెప్పాను కదా. ఒకడు కత్తి తీశాడు. తాడు ఒక్కసారి తెగితే బిగువంతా పోయి టెంటు ఎగిరి తల్లి మొహం మీద పడుతుందని దండం పెట్టాను. బోటు కాస్త వెనక్కి జరిపితే తాడు వదులౌతుంది, అప్పుడు నేనే విప్పుతానన్నాను.

దింపిన బోటుని మళ్ళీ మెరక ఎక్కించమన్నానని వాళ్ళకి అర్థమవడానికి కాస్త టైము పట్టింది. వాళ్ళన్న మాటలు ఇక్కడ రాయను.

అప్పుడొచ్చింది నిన్నటి చేపలామె. బోటు వాళ్ళ అబ్బాయిదే. టెంటు గుడ్డ పక్కకి తీసి లోపలికి తొంగి చూసింది. నోటి మీద వేలేసుకుని వెనక్కి తిరిగింది.

"సంటిపిల్ల తల్లి తొంగున్నాదిరా. గొంతులు తగ్గించండి."

బోటు తొయ్యడానికి హైలెస్సా ఉండాలి. అది లేకపోతే బోటు కదలదని వాళ్ళ నమ్మకం, నేను కాదనలేను. కాబట్టి ఆరుగురూ భుజాలు ఆనించి, గుసగుసగా అన్నారు: హైలెస్సా. గుడిలో హారతి దగ్గర చెప్పుకునే గుట్టులాగా: హైలెస్సా. ఒకడికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోబోతే ఇంకొకడికి పాకింది. బోటు వెనక్కి వస్తోంది, మనుషులు వణుకుతున్నారు, శబ్దం లేదు. నేను చంటిదాన్ని అడక్కుండానే ఆవిడ చేతిలో పెట్టేసి ముడి మీద పడ్డాను. విప్పాను. ఈసారి సముద్రం వైపు, మళ్ళీ గుసగుసగా తోశారు. మనవణ్ణి ఒకడు మెడ మీద ఎక్కించుకున్నాడు.

బోటు నీళ్ళు తాకగానే మనవడు ఊరంతా వినబడేలా అరిచాడు.

"హైలెస్సా!"

మా అమ్మాయి లేచొచ్చింది. జుట్టు రేగిపోయి, చెంప మీద చాప గీతలు. కొడుకు ఎవరిదో మెడ మీద, కూతురు ఎవరిదో చంకలో, తండ్రి చేతిలో తాడు. తూర్పున ఎర్రగా పొద్దు.

"ఏటయ్యింది నాన్నా?"

రాత్రి పెద్ద అల వచ్చి టెంటుని లాక్కుపోబోతే, అని మొదలెట్టాను. చేపలామె నన్ను అదోలా చూసింది. ఆ అలని అక్కడే వదిలేశాను. టెంటుని బోటుకి కట్టేశానని చెప్పాను. వీళ్ళకి వేట ఆలస్యం చేశానని చెప్పాను. అంతటితో ఆగొచ్చు. కానీ మొదలెడితే ఆగదు నాకు, అటైనా ఇటైనా. సాయంత్రం పిల్లని నిద్రపుచ్చింది కూడా నేను కాదు, ఈవిడే, నేను బతిమాలి పిలిచానని కూడా చెప్పేశాను. జిరాఫీ బొమ్మలు కళ్ళ ముందు కదిలాయి.

అమ్మాయి ఇసకలో కూలబడి నవ్వింది.

"నేను సూసినాను నాన్నా. నిన్న సాయంత్రం నడుస్తా వెనక్కి తిరిగి సూస్తే నువ్వు గంతులేస్తన్నావు. నీ గొప్పలకి పోయి ఎవుర్నీ పిలవవేమో, పిల్లని అలాగే ఏడిపిస్తావేమోనని నా భయం. పిలిచినావు కదా."

లేచి ఇసక దులుపుకుంటూ, "ఇంట్లో కూడా పిలుస్తావేటి?" అంది.

పిలుస్తానన్నాను. పక్కింటి పిన్నిగారిని, ఎదురింటి వాళ్ళని, అవసరమైతే జిరాఫీని కూడా పిలుస్తానన్నాను.

ఇప్పుడు పొద్దున్నుంచీ పిల్లలిద్దరూ మా ఇంట్లోనే ఉంటారు. పేపరు విప్పడమే కుదరదు. నేను మధ్యాహ్నం కునుకు తీస్తుంటే మనవడు నా మడత కుర్చీకి భుజం ఆనించి, చెల్లెలు లేస్తుందని, గుసగుసగా హైలెస్సా అంటాడు. కుర్చీ కదులుతుంది. చాలా దూరం వెళ్తుంది.

వెళ్ళదు. కానీ వాడికి చెప్పకండి.