ఎర్ర నీళ్ల వెంట పోతే భాగ్యమ్మ ఇల్లు

ఎమ్మిగనూరు నేతగాళ్ల పేటలో ఆ సందుకు పేరు లేదు. పిండిమిషను పక్కన ఒళ్లు ఒంచుకుని దూరి, రెండు మలుపులు తిరిగితే తప్ప లోపల ఇళ్లున్నాయని కొత్తవాళ్లకు తెలియదు. అన్నిటికంటే చివరి ఇల్లు భాగ్యమ్మది. పెద్దకడుబూరు నుంచి కోడలిగా వచ్చినప్పటి నుంచీ ఆమె రాట్నం ముందు, మొగుడు బసవరాజు మగ్గం గుంతలో. ఆ మగ్గం ఉన్నది వాళ్ల ఇంట్లోనే గానీ, అది షావుకారు వీరభద్రప్పది.

సందులో మగ్గాలన్నీ అంతే. ప్రతి శనివారం షావుకారు గుమస్తా ఉచ్చీరప్ప బండి మీద నూలు తెచ్చి ఇంటింటికీ వేసేవాడు, నేసిన బట్ట ఎత్తుకుపోయేవాడు. కూలి ఎంతో అతనే చెప్పేవాడు. పోగు తప్పిందని అందులో కోత కూడా అతనే పెట్టేవాడు. దీన్ని దోపిడీ అని ఆ సందులో ఎవరూ అనలేదు. ఆ మాట తెలియక కాదు. అన్నవాడి ఇంటికి మళ్లీ శనివారం నూలు రాదని తెలిసి.

డెబ్భై తొమ్మిదిలో భాగ్యమ్మ మేనమామ నేత మానేసి పత్తి చేలల్లో కూలికి కుదిరాడు. మూలపడిన అతని మగ్గాన్ని ఆమె అడిగి తెచ్చుకుని వెనక గదిలో దింపించింది. ఆదోనిలో తెల్లనూలు కొని, ఇంటి ముందు బానలో ముదురెరుపు రంగు వేసి, ఆ మగ్గం మీద దుప్పట్లు నేయడం మొదలుపెట్టారు. ఈ రెండో మగ్గం నిలదొక్కుకుంటే మొదటిదాన్ని షావుకారు ముందు పడేసి రావచ్చు. మొగుడూ పెళ్లామూ పైకి చెప్పుకోకుండా మనసులో పెట్టుకున్నది అదొక్కటే.

దుప్పటి గట్టిది. కానీ కొనేవాడికి ఇల్లు దొరకాలి కదా. భాగ్యమ్మ దుప్పట్ల మూట నెత్తిన పెట్టుకుని ఆదోని బజారంతా తిరిగింది. ఎమ్మిగనూరు సరుకైతే తాము వీరభద్రప్ప దగ్గరే తీసుకుంటామన్నారు అక్కడి దుకాణాలవాళ్లు. సందు మొగలో రేకు బోర్డు కట్టించింది. చదువు వచ్చినవాళ్లు దుప్పట్ల కోసం అటు రాలేదు. దుప్పట్లు కావలసినవాళ్లకు ఆ బోర్డు చదవడం రాలేదు.

ఒకరోజు పుట్టింటికి పోదామని బస్టాండులో కూర్చుని ఉన్నప్పుడు ఆమె ఒక సంగతి గమనించింది. బస్సు దిగిన పల్లె జనం ముందు తాయమ్మ నీళ్ల కుండల దగ్గరికి పోతున్నారు. తాయమ్మ ఏడాది పొడుగునా అక్కడే కూర్చుని వచ్చినవాళ్లకు నీళ్లు పోసే మనిషి. నీళ్లు తాగి, మూతి తుడుచుకుని, వాళ్లు ఆమెనే అడుగుతున్నారు. డాక్టరు యాడ ఉంటాడు, ఎద్దులకు నాడాలు కొట్టేవాడు యాడ, మంచి కంబళ్లు యాడ దొరకతాయి. ఆమె చెప్పిన చోటికే పోతున్నారు. ఇంకొకర్ని అడగడం లేదు. తాయమ్మ నోట్లో ఉన్న పేరే ఊళ్లో ఉన్నట్టు లెక్క.

భాగ్యమ్మ ఆ రోజు బస్సు ఎక్కలేదు. ఇంటికి పోయి ఒక దుప్పటి తెచ్చి, కుండలకు ఎండ తగలకుండా అడ్డంగా కట్టింది. ఎవరైనా అడిగితే తన పేరు చెప్పమంది. తాయమ్మ వెంటనే ఒప్పుకోలేదు.

“నాకు తెలియంది నేను సెప్పనమ్మా. నా మాట నమ్మి ఎండన పడి నడిసిపోతారు జనం. రంగు ఎలిసిపోతే నిన్ను తిట్టరు, నన్ను తిడతారు.”

ఆ దుప్పటిని తాయమ్మ ఇంటికి తీసుకుపోయి, చౌడు నీళ్లలో నానబెట్టి, బండకేసి బాదింది. ఎండేసి మళ్లీ బాదింది. తర్వాత నేరుగా భాగ్యమ్మ ఇంటికి వచ్చి, మగ్గం చూసి, రంగు బాన చూసి, బాన కడిగిన నీళ్లు కాలవలోకి పారడం చూసింది. మిగతా ఇళ్లకు షావుకారు రంగు వేసిన నూలే ఇచ్చేవాడు కాబట్టి ఆ పేటలో ఎర్ర నీళ్లు పారేది ఈ ఒక్క ఇంటి ముందే.

ఆ మర్నాటి నుంచి తాయమ్మ అడిగినవాళ్లకు ఇలా చెప్పసాగింది: “పిండిమిషను పక్క సందులో దూరు. కాలవలో ఎర్ర నీళ్లు కనబడతాయి. వాటి ఎంబడే పో. అవి యాడ పుట్టినాయో ఆడ భాగ్యమ్మ ఇల్లు.”

జనం వచ్చారు. కోసిగి నుంచి, సి.బెళగల్ నుంచి, పేరు తెలియని పల్లెల నుంచి. కాలవ చూసుకుంటూ తల వంచుకుని వచ్చేవాళ్లను చూసి సందులో ఆడవాళ్లు నవ్వేవాళ్లు. నీకేమమ్మా, మురికి కాలవ గూడా నీ పాట పాడతాంది అని పక్కింటి అంజనమ్మ ఎగతాళి చేసేది. ఇద్దరికీ ఒక్కటే గోడ. భాగ్యమ్మ కాన్పుకు మంత్రసానిని పిలుచుకొచ్చింది అంజనమ్మే.

వానాకాలం పోయాక బజారులో షావుకారు దుకాణం పక్క కాలవలోనూ ఎర్ర నీళ్లు పారడం మొదలైంది. ఉచ్చీరప్ప పొద్దున్నే బిందెతో పోయిస్తున్నాడు. కొందరు అటు పోయి మోసపోయారు. వాళ్లు కొన్న దుప్పట్లు ఒక్క ఉతుకుకే వెలిసిపోయాయి. తాయమ్మ దగ్గరికి వచ్చి నిలదీశారు. అప్పటి నుంచి ఆమె ఇంకో మాట కలిపింది: దుకాణం ఎదురైతే తప్పు దోవ, మగ్గం చప్పుడు వినబడితే సరైన దోవ.

ఆ తర్వాత ఉచ్చీరప్ప కూడా కుండల దగ్గరికి వచ్చాడు. నీళ్లు తాగాడు. భాగ్యమ్మ ఇంటికి ఎవరెవరు పోతున్నారు, ఏ ఊళ్లవాళ్లు, ఏ వారం ఎక్కువ పోతారు అని నెమ్మదిగా అడిగాడు. తాయమ్మ అంతా చెప్పింది. అది తెలిసి భాగ్యమ్మ పరుగెత్తుకుంటూ వచ్చింది.

“వానికెందుకు సెప్తివక్కా?”

“అడిగినోనికి నీళ్లు పోస్తా, అడిగినోనికి దోవ సెప్తా. మొకం సూసి పోసేదాన్నయితే నా కుండ కాడికి ఎవరొస్తారే?”

తన ఇంటి దారి కొనేవాళ్లకు తెలిసినంత బాగానే షావుకారుకూ తెలిసిపోయిందని భాగ్యమ్మకు అర్థమైంది. బస్టాండు నుంచి ఇంటికి నడుస్తూ ఆమె రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది. ఎవరూ లేరు.

ఆ శనివారం నూలు బండి రాలేదు. ఒక్క భాగ్యమ్మ ఇంటికి కాదు, సందుకే రాలేదు. సోమవారానికి మగ్గాలు ఒక్కొక్కటే ఆగిపోయాయి. నేతగాళ్ల సందులో చప్పుడు ఆగితే పసిపిల్లలకు నిద్ర పట్టదు. ఊయలలో ఉలిక్కిపడి లేచి ఏడుస్తున్నారు. భాగ్యమ్మ ఇంటి వెనక గదిలో మగ్గం ఒక్కటే ఆడుతోంది. ఆ చప్పుడు అందరికీ వినబడుతోందని తెలిసి బసవరాజు దాన్ని కూడా ఆపేశాడు.

మంగళవారం ఉచ్చీరప్ప ఒట్టి చేతులతో వచ్చి అంజనమ్మ అరుగు మీద కూర్చున్నాడు. వక్కాకు నములుతూ పిల్లల్ని పేరు పేరునా పిలిచి పలకరించాడు. షావుకారుకు ఎవరి మీదా కోపం లేదన్నాడు. బయటివాళ్లు తిరిగితే సందు పాడవుతుందని ఆయన బాధపడుతున్నాడన్నాడు. ఏ వారం బయటివాడు ఈ సందులో బట్ట కొనుక్కుని పోతాడో, ఆ వారం ఈ సందుకు నూలు ఉండదని, అంతేనని నవ్వుతూనే చెప్పి లేచాడు.

అతను ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. పోలీసుస్టేషనులో చెప్పుకోవడానికి ఒక్క మాట కూడా మిగల్చలేదు. పెట్టుబడి ఉన్నవాడికి కర్ర అవసరం లేదు. పక్కింటివాళ్ల ఆకలే అతని కర్ర.

సందులో ఎవరూ భాగ్యమ్మను నిందించలేదు. నిందించి ఉంటే ఆమె బదులు చెప్పేది. కొళాయి దగ్గరికి ఆమె వస్తే మాట ఆగిపోయేది, బిందెలు ముందుకు జరిగేవి. అంజనమ్మ పిల్లలు గోడ అవతల గంజి కోసం పోట్లాడుకోవడం వినబడేది.

శుక్రవారం మధ్యాహ్నం తుగ్గలి నుంచి ఉరుకుందప్ప అనే వ్యాపారి వచ్చాడు. జాతరలు తిరిగి దుప్పట్లు అమ్మేవాడు. ఉచ్చీరప్ప అప్పటికే అంజనమ్మ అరుగు మీద ఉన్నాడు. ఆ వారమంతా అక్కడే ఉంటున్నాడు. గుంజకు ఆనుకుని, కళ్లు మూసుకుని, నిద్రపోతున్నవాడిలా. బానలో రంగు కలిపి నాలుగు రోజులైంది, కాలవ ఎండిపోయి ఉంది. వ్యాపారి అంజనమ్మను అడిగాడు. ఆమె చెప్పిన మాట గోడ ఇవతల భాగ్యమ్మకు స్పష్టంగా వినబడింది.

“భాగ్యమ్మనా? ఆ పేరుగలోళ్లు ఈడ ఎవరూ లేరప్పా.”

“కుండలామె సెప్పిందే. సివరి ఇల్లని గూడా సెప్పింది.”

“ముసిల్ది, మతి పోయింటాది.”

ఆ మనిషి వెనక్కి పోలేదు. తిన్నగా చివరి ఇంటికి వచ్చి గడప ముందు నిలబడ్డాడు. తాయమ్మ దగ్గర దుప్పటి చూశానని, అటువంటివి నెలనెలా ఎన్ని నేసినా తానే తీసుకుంటానని, అమ్ముకునే బాధ కూడా ఉండదని చెప్పాడు. రెండో మగ్గం నిలబడడానికి అంతకంటే ఏం కావాలి. ఏళ్ల తరబడి ఆమె ఎదురుచూసిన మనిషి అతనే.

“భాగ్యమ్మ అంటే నువ్వే కదమ్మా?”

అరుగు మీద ఉచ్చీరప్ప కళ్లు తెరిచాడు. ఎవరి గుమ్మంలో వాళ్లు నిలబడి ఉన్నారు. అంజనమ్మ చంకలో బిడ్డతో, ఇటు చూడకుండా, నేల చూస్తోంది. భాగ్యమ్మ మొగుడి వైపు తిరిగింది. అతను గుంతలో తల దించుకునే ఉన్నాడు.

“కాదప్పా,” అంది భాగ్యమ్మ. “ఆమె ఈడ ల్యాదు.”

ఉరుకుందప్ప ఆమె వేళ్లకున్న ఎరుపు రంగును చూశాడు. ఆమె చేతులు కొంగు కింద పెట్టుకుంది. అతను వచ్చిన దారినే పోయాడు.

మర్నాడు పొద్దెక్కకముందే బండి వచ్చింది. ఇంటింటికీ నూలు పడింది, మగ్గాలు ఒకటొకటిగా మళ్లీ చప్పుడు అందుకున్నాయి. ఉచ్చీరప్ప చివరి ఇంటికి వచ్చి గడప మీద రెండు మూటలు దించాడు. ఎప్పుడూ వచ్చేది ఒక్కటే.

“రెండో మగ్గానికి గూడా ఏసుకొచ్చినానమ్మా. ఉత్తగా ఉంటే చెడిపోతాదని షావుకారు అన్నాడు. మాది మీది అనేదేముండాది, ఇంగ అన్నీ ఒకటే.”

దుప్పటి సగం నేసి ఉందని బసవరాజు గొణిగాడు. దానికేముంది, కోసి దించండన్నాడు ఉచ్చీరప్ప. తొందరేం లేదంటూనే గడప దాటి లోపలికి వచ్చి, వెనక గది గుమ్మానికి ఆనుకున్నాడు. భాగ్యమ్మ కత్తెర తెచ్చింది. పడుగు పోగులు గుప్పెడు గుప్పెడుగా తెగుతున్నాయి. చివరి గుప్పెడు తెగేదాకా అతను అక్కడి నుంచి కదలలేదు.