యర్రయ్య హాజరు పట్టీ

మా అరకు కాలేజీ తోటమాలి యర్రయ్యకు చెట్టుకూ విద్యార్థికీ తేడా తెలియదు. కాలేజీలో చేరినవాళ్లందరి చేతా మొదటిరోజే తలో మొక్కా నాటిస్తాడు. ఇక ఆ మొక్కకు ఆ పిల్లల పేరే.

తెలుగు చెప్పడానికి నేను అనకాపల్లి నుంచి వచ్చి చేరిన రోజు, స్టాఫ్ రూమ్ గుమ్మంలో కత్తి పట్టుకుని నిలబడ్డాడు.

"సార్, భీమన్నకి పురుగట్టేసినాది. నడుం కాడికి నరికీసినాను."

"ఎవర్నయ్యా?"

"భీమన్నని సార్, బీకామ్. మళ్లీ సిగురెడతాడు, బెంగెట్టుకోకండి."

నా చేతిలో టీ చొక్కా మీదకు ఒలికింది. పరుగెత్తి చూస్తే సగానికి కొట్టేసిన జామచెట్టు. పక్కనే అసలు భీమన్న సమోసా తింటూ దాన్ని జాలిగా చూస్తున్నాడు.

పోనుపోను నేనూ ఆ దారిలోనే పడ్డాను. "సుక్రుని మేక తినేసినాది సార్" అంటే "ఎంతవరకు?" అని అడిగేవాణ్ణి. పాపం, ఆ మాట వింటూ నిలబడ్డ సుక్రు తండ్రికి మంచినీళ్లిచ్చి కూర్చోబెట్టాల్సి వచ్చింది.

ఈ ఏడు అందమైన కాలేజీ ఆవరణల పోటీ పెట్టారు. ప్రిన్సిపాల్ హేమలత మేడమ్ కదలని ప్రతిదానికీ సున్నం కొట్టించారు. కమిటీ సోమవారం వస్తుంది. నా బెంగ మాత్రం వేరు. హుకుంపేట పిల్ల సత్యకుమారి, ఫైనలియర్, కాఫీ పళ్లు కోయడానికి ఇంటికెళ్లి రెండు నెలలైంది. ఫోన్ చేస్తే "వస్తాను సార్" అంటుంది, రాదు. సోమవారం కూడా రాకపోతే పేరు కొట్టేయాలి. చక్కగా చదివే పిల్ల. నాకు మనసొప్పడం లేదు.

ఆదివారం సత్యకుమారికి మళ్లీ ఫోన్ చేస్తుంటే యర్రయ్య నా ఫోన్ లాక్కున్నాడు.

"ఓలె గుంటా, నీ పనస ఎండిపోతంది! ఆకులన్నీ రాలిపోనాయి. ఆకరి సూపు సూసుకుందువు, బేగి రా!"

సోమవారం కమిటీ కన్నా ముందే సత్యకుమారి జీపు దిగి, బకెట్టుతో నీళ్లు మోసుకుంటూ పరుగెత్తింది. పనసచెట్టు ఆమెకంటే ఎత్తుగా నవనవలాడుతోంది.

"ఇదేటి తాతా! బాగానే ఉంది గదా! అబద్దమాడినావా?"

"ఎండిపోతంది సెట్టు కాదే. సార్ రిజిస్టర్లో నీ పేరు. ఆ బకెట్టెట్టీసి కళాసుకి పో."

ఆ పిల్ల వెళ్లాక అడిగాను, ఇలా ఎంతమందిని రప్పించావని.

"ఏటా పదిమంది సార్. సదువు పోతందంటే రారు. సెట్టు సచ్చిపోతందంటే పరిగెట్టుకొత్తారు."

అతణ్ణి పట్టుకుని ముద్దు పెట్టుకోవాలనిపించింది, చేతిలో కత్తి చూసి ఆగాను.

ఇంతలో కమిటీ పెద్దమనిషి రానే వచ్చాడు. "ఆవరణలో మొక్కలెన్ని?" అని అడిగితే మేడమ్ తడబడ్డారు. యర్రయ్య చుట్టూ ఒకసారి కలయజూశాడు.

"ఈయేళ అందరూ వచ్చినారు బాబూ."

పెద్దమనిషి పెన్ను పట్టుకుని అంకె కోసం చాలాసేపు ఎదురుచూశాడు.