ఉండమ్మా బాబాయి

కంప్యూటర్లు బాగుచేసే బాబాయికి ఒకటే జబ్బు. అడగందే ఒక్క ఫైలు కూడా చెరపడు. వేరేవాళ్ళు చిటికెలో ముగించే పనికి ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, "ఇది ఎవరిది? ఎప్పటిది? తీసేస్తే ఎవరైనా బాధపడతారా?" అని ఆరాలు మొదలుపెడతాడు. విసుగెత్తి "తీసెయ్యండి!" అంటే "ఉండమ్మా" అంటాడు. అందుకే వీధివీధంతా ఆయన్ని ఉండమ్మా బాబాయి అంటుంది.

ఒకసారి పళ్ళడాక్టరు పాత పేకాట ప్రోగ్రాం తాలూకు చెత్త ఊడ్చెయ్యమంటే, "ఉండండి డాక్టరుగారూ, ఇందులో మీరు గెలిచిన ఆటలున్నాయి" అని బతిమాలాడు. పన్ను పీకడానికి కూడా తాను ఇంత ఆలోచించనని డాక్టరు మొత్తుకున్నాడు.

అలాంటి మనిషిని ఎంబ్రాయిడరీ షాపు అక్క పిలిచిందంటే, వేరే గతి లేకనే. మెషీన్‌కి డిజైన్లు పంపే ప్రోగ్రాం ఒకప్పుడు చెల్లెలు ఎక్కించింది. ఓ పువ్వు వంకరగా పడిందని మొదలైన గొడవలో, బేరానికొచ్చిన ఆవిడ ముందే అక్క, "నీ వల్ల ఈ షాపుకి ఒరిగిందేమీ లేదు" అనేసింది. చెల్లెలు కత్తెర బల్లమీద పెట్టి వెళ్ళిపోయింది. అక్క అప్పట్నుంచీ నాలుక కొరుక్కుంటూనే ఉంది. ఎందుకన్నానా అని మెషీన్ ముందు కూర్చున్నప్పుడల్లా కుమిలిపోతోంది. ఫోన్ మాత్రం చెయ్యలేదు. దానికి బదులు చెల్లెలి ప్రోగ్రాం పీకి పారేసి, అదే ప్రోగ్రాం కొత్త వెర్షన్ తెచ్చి ఎక్కించింది. అది తెరవగానే "పాతది ఇంకా ఉంది" అని చెప్పి మూసుకుపోతోంది.

"పాతది తీసేశాను కదా బాబాయ్!"

"తీసేశావు. అద్దెకున్నవాళ్ళు వెళ్ళిపోయారమ్మా, గోడకి మేకులు మాత్రం ఉండిపోయాయి."

"అవీ పీకెయ్యండి."

"ఉండమ్మా. ఈ దారాల రంగులకి పేర్లెవరు పెట్టారు? 'అక్క గొడుగు నీలం', 'అక్క కోపం ఎరుపు'..."

అక్కకి నవ్వొచ్చింది. వెంటనే ఏడుపూ వచ్చింది. రెండూ మింగేసింది. "చెల్లెలు. చెరిపెయ్యండి."

"ఉండమ్మా. ఇదుగో, ఇక్కడ అక్షరాల సైజు ఎవరో రెట్టింపు చేశారు. ప్రోగ్రాం ఇలా రాదు. నీ కోసమేనా?"

"నాకెందుకు? నా కళ్ళు నిక్షేపంలా ఉన్నాయి!"

బాబాయి మిగిలిపోయిన ఫైళ్ళన్నీ చెరపకుండా పక్కకి తీసి దాచి, కొత్త ప్రోగ్రాం తెరిచాడు. అది బుద్ధిగా తెరుచుకుంది.

"ఇంతేనా? మరి ఇంతసేపూ..."

"కారణం కూర్చోగానే కనబడిందమ్మా. కోపంలో పీకేసిన ప్రోగ్రాం నాకు చూడగానే తెలుస్తుంది. అలాంటిచోట తొందరపడి చెరపబుద్ధి కాదు. ఏదీ, పైన ఏం రాసుందో చదువు."

అక్క ముందుకి వంగింది. ఇంకా వంగింది. ముక్కు తెరకి తగిలింది. అక్షరాలు చీమల బారులా ఉన్నాయి తప్ప ఒక్కటీ అందలేదు. ఇన్నాళ్ళూ తన కళ్ళు బాగున్నాయని ఎందుకు అనుకుందో ఆవిడకి అప్పుడు అర్థమైంది. కళ్ళు తగ్గాయంటే అక్క ఒప్పుకోదని చెల్లెలికి తెలుసు. అందుకే చెప్పకుండా సర్దిపెట్టింది. ఒరిగిందేమీ లేదన్నది అలాంటి పిల్లనా!

"ఇవి మీరే పెద్దవి చెయ్యండి బాబాయ్," అంది అక్క.

"అది నాకు రాదమ్మా," అన్నాడు, ఆ వీధిలో సగం కంప్యూటర్లకి అక్షరాలు పెద్దవి చేసిన బాబాయి. "చేసినవాళ్ళనే అడగాలి." సంచీ సర్దుకుని బయటికెళ్ళి, వీధిలో చూడ్డానికేమీ లేకపోయినా చూస్తూ నిలబడ్డాడు.

అక్క ఫోన్ చేసింది. అవతల చెల్లెలు ఎత్తింది.

"నేను ఆ మాట అనకుండా ఉండాల్సింది," అంది అక్క.

"అవును, ఉండాల్సింది."

తర్వాత చెల్లెలే అడిగింది: "కొత్తదాంట్లో అక్షరాలు కనబడుతున్నాయా?"

"కనబడటం లేదే," అని అక్క పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి ఒప్పుకుంది.

"సరే, ఏదీ ముట్టుకోకు. వస్తున్నా."