ఐసు కరిగేలోపు

పోయిన శుక్రవారం పొద్దున పెద్ద సిస్టర్ కోడలు నాకు ఫోన్ చేసింది. ఆ ఇంటి నుంచి పొద్దున్నే ఫోన్ వస్తే మాట వినకముందే నా చేయి బండి తాళం మీదికి పోతుంది. మూడేళ్ల అలవాటు అది. ఆ రోజూ అలాగే పోయింది. "అక్కా, అత్తమ్మ ఇంతకుముందే కన్ను మూసింది. నిద్రలనే" అని ఆ పిల్ల చెప్పాక కూడా, తాళం చేతిలో పట్టుకుని చెప్పులు వేసుకుని గుమ్మం దాకా వచ్చాను. ఇక ఆవిడను వెతకాల్సిన పని లేదని అక్కడ తట్టింది. గుమ్మంలోనే కూర్చుండిపోయాను.

ఆవిడ మా జూలూరుపాడు మండలంలో అడవి అంచున ఉన్న ఊళ్లకు ముప్పయ్యేళ్లకు పైగా ఏఎన్ఎంగా పనిచేశారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పని నేర్పింది ఆవిడే. పదహారేళ్లు ఒకే సబ్‌సెంటర్లో ఉన్నాం. ఊరివాళ్లు ఆవిడను పెద్ద సిస్టర్ అనీ నన్ను చిన్న సిస్టర్ అనీ పిలిచేవారు. ఆవిడ రిటైరై ఇన్నేళ్లయినా, నా జుట్టు సగం నెరిసినా, వాళ్లకు నేను ఇంకా చిన్న సిస్టర్‌నే.

మా పనిలో బుధవారం, శనివారం టీకాల రోజులు. పొద్దున్నే పీహెచ్‌సీ నుంచి టీకా డబ్బా వస్తుంది. లోపల చుట్టూ ఐస్ ప్యాకులు, మధ్యలో మందు సీసాలు. ఐసు కరిగితే మందు పాడైపోతుంది. అందుకని డబ్బా చేతికి వచ్చాక ఆవిడ నన్ను టీ కూడా తాగనిచ్చేవారు కాదు. "ఐసుకు నీ చాయ్‌తోని పనిలేదు, నడువు" అని కొంగు నడుముకు చుట్టి బయల్దేరేవారు. వాగవతలి గూడేనికి అప్పట్లో రోడ్డు లేదు. కాలిబాటన రెండు గంటల నడక. నాకన్నా ఇరవయ్యేళ్లు పెద్దావిడ, అయినా ఆ దారిలో నాకు ఎప్పుడూ ఆవిడ వీపే కనిపించేది. సాయంత్రం డబ్బా తిరిగి అప్పజెప్పి, రిజిస్టర్లో సంతకం పెట్టేదాకా ఆవిడకు ఆ రోజు అయినట్టు కాదు. సంతకం పెట్టాక మాత్రం చెప్పులు చెరోమూలకు విసిరి, కాళ్లు చాపుకుని, డాక్టరు నుంచి అటెండరు దాకా అందరి నడకలూ అనుకరించి మమ్మల్ని నవ్వించేవారు.

నేను సూది పట్టిన మొదటిరోజు ఒక పసివాడు గూడెం అదిరేలా ఏడ్చాడు. "వాడు సూదిని చూసి ఏడ్వలే. నీ మొఖం చూసి ఏడ్చిండు. ముందు నువ్వు భయపడుడు ఆపు" అన్నారు. ఆవిడ సూది వేస్తే పిల్లలు అంతగా ఏడ్చేవారు కాదు. సూది తీయగానే ఆ చోట బొటనవేలు ఒత్తి పట్టుకుని, తల్లి వైపు చూసి, "ఇయ్యాల్ల ఒళ్లు కాలుతది, భయపడకు" అనేవారు. వెయ్యిమంది తల్లులకు చెప్పి ఉంటారు ఆ మాట. ప్రతి తల్లికీ తనకొక్కదానికే చెప్పినట్టుండేది.

రిటైరైన కొన్నేళ్లకు జబ్బు మొదలైంది. పప్పులో రెండుసార్లు ఉప్పు వేయడం, మనవడిని కొడుకు పేరుతో పిలవడం. ఖమ్మంలో డాక్టరు చూసి డిమెన్షియా అన్నారు. ముందు ఈమధ్య సంగతులు చెరిగిపోతాయని, పాతవి చాలాకాలం నిలుస్తాయని చెప్పారు. నేను తలూపాను. ఈ పనిలో ఉన్నదాన్ని కదా, అంతా అర్థమైందనుకున్నాను. రోజూ వెళ్లి బీపీ చూసి, "సిస్టర్, ఇయ్యాల ఏ వారం?" అని పరీక్ష పెట్టేదాన్ని. చెప్పలేక ఆవిడ మొహం చిన్నబోయేది. అలా ఎన్నాళ్లు అడిగానో తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే కోపం వస్తుంది.

ఆ రోజుల్లో ఆవిడ చేతులు ఊరికే ఉండేవి కావు. కుచ్చిళ్లు లాగడం, బీరువా తలుపు తీయడం వేయడం. చేతికేదైనా ఇస్తే కుదురుగా కూర్చుంటారని, సబ్‌సెంటర్లో మూత విరిగి మూలపడిన పాత టీకా డబ్బా ఒకటి తెచ్చి ఇచ్చాను. ఎంత సంబరపడ్డారో. ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు తుడుస్తూనే ఉన్నారు. నా తెలివికి నేనే మురిసిపోయాను. మూడో రోజు పొద్దున, కోడలు కుట్టుమిషను మీద ఉండగా, ఫ్రిజ్‌లోని ఐసంతా డబ్బాలో పోసుకుని గేటు దాటి వెళ్లిపోయారు. ఇంకెవరైనా ఇచ్చి ఉంటే తెలియక ఇచ్చారనుకోవచ్చు. డబ్బాలో ఐసు పడ్డాక మనిషి కూర్చోకూడదని ఆవిడ దగ్గర నేర్చుకున్నదాన్ని నేను. ఆ డబ్బాను ఆవిడ చేతుల్లో పెట్టింది నేనే.

కొడుకు ఇల్లందు బొగ్గుగనిలో పనిచేస్తాడు. కబురు అందగానే డ్యూటీ మధ్యలో మోటారుసైకిల్ మీద వచ్చాడు. కొత్తగూడెం వైపు బస్సుల్లో చూశాం. కొడుకు దగ్గరికి బయల్దేరారేమోనని ఇల్లందు దారి చూశాం. భద్రాచలం బస్సెక్కి గుడికి పోయారేమోనని అక్కడ తెలిసినవాళ్లకు చెప్పాం. వాగవతలి గూడెం నాకు తట్టకపోలేదు. బండి మీద తారురోడ్డున సగం దూరం పోయి, ఇంత దూరం నడిచి ఉండరులే అని వెనక్కి తిరిగాను. ఆ రోడ్డు ఆవిడ రిటైరయ్యాక వేసింది. ఆవిడ తలలో ఆ రోడ్డే లేదు. మేం రోడ్డు మీద వెతుకుతుంటే, ఆవిడ తను ఎప్పుడూ పోయే కాలిబాటన పోతున్నారు.

మధ్యాహ్నం దాటాక గూడెం నుంచి ముత్తమ్మ ఫోన్ చేసింది. ముత్తమ్మ కోయ మనిషి. ఆమె ముగ్గురు పిల్లలకూ టీకాలు వేసింది పెద్ద సిస్టరే. "సిస్టరమ్మ ఈడనే ఉంది. ఆగం గాకుండ్రి, నిమ్మళంగ రాండ్రి" అంది.

నేను వెళ్లేసరికి ఇప్పచెట్టు కింద నులకమంచం మీద కూర్చుని ఉన్నారు. కాళ్ల నిండా ముళ్లు గీరుకున్న గీతలు. ఒళ్లో డబ్బా, అందులో ఐసు ఎప్పుడో నీళ్లయిపోయింది. ఎదురుగా ఐదారుగురు ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వరసగా నిలబడ్డారు. ముత్తమ్మ మనవరాలు మంచం అంచున కూర్చుని ఉంది. సూదీ లేదు, మందూ లేదు. పెద్ద సిస్టర్ ఆ పాప జబ్బ మీద బొటనవేలు ఒత్తిపట్టి, ముత్తమ్మ వైపు చూసి, "ఇయ్యాల్ల ఒళ్లు కాలుతది, భయపడకు" అన్నారు. "సరే సిస్టరమ్మా" అని ముత్తమ్మ తలూపి పాపను ఎత్తుకుంది. వెనకనున్న తల్లి ముందుకు జరిగింది.

నేను ముత్తమ్మను పక్కకు పిలిచి కోప్పడ్డాను. "గిదేం ఆట? ఉద్యోగం అయిపోయిందని చెప్పొచ్చు గదా?"

"చెప్పిన. చెప్తే ఏడ్చింది" అంది ముత్తమ్మ. "వాగు కాడ ఒక్కతే కూసుంటే మా ఆయన చూసి తోల్కొచ్చిండు. ఇంటికి పోదాం పా అంటే రాదు. పిల్లలేరి, పిల్లలేరి అంటది. పని గాకుండ ఈమె ఏనాడన్న ఎనక్కి పోయిందా, నువ్వే చెప్పు. పని అయిపోతే తనంతల తనే లేస్తది. అందుకే అందరిని పిలిచిన."

నిజంగానే ఆఖరి పిల్లాడయ్యాక ఆవిడ లేచి కొంగు నడుముకు చుట్టుకున్నారు. నన్ను చూసి, "ఎప్పుడొచ్చినవ్ చిన్న సిస్టర్? పద, డబ్బా అప్పజెప్పాలె" అన్నారు. చంటిపిల్లలా వచ్చి నా బండెక్కారు. నాలుగు అక్షరాలు రాని ముత్తమ్మకు ఆ పూటే తెలిసిన సంగతి, ఇన్ని ట్రైనింగులకు వెళ్లొచ్చిన నాకు ఇంకో మూడు వారాలకు గానీ తెలియలేదు.

ఆ సాయంత్రం కొడుకు నన్ను నిలదీశాడు. "అక్కా, ఇంకోపారి పోయి వాగుల పడితే ఏంది మన గతి? నేను గనిల దిగితే ఫోన్ గూడ అందదు." అతను అన్నది తప్పని ఎలా అనను? భయం నాకూ ఉంది. గేటుకు తాళం పడింది. ఒక తాళంచెవి కోడలి దగ్గర, ఒకటి నా దగ్గర.

ఇరవై రోజులు. ఆవిడ పొద్దున్నే గేటు ఊచలు పట్టుకుని నిలబడేవారు. "పిల్లలొచ్చి కూసుంటరు, తియ్యమ్మా" అని నన్ను బతిమాలేవారు, ఎవరో తెలియని మనిషిని బతిమాలినట్టు. తాళంచెవి నా కొంగున ముడి వేసి ఉండేది. రేపు పోదాం అనేదాన్ని. కొన్నాళ్లకు అడగడం మానేశారు. గోడవైపు తిరిగి కూర్చునేవారు. అన్నం ముద్ద నోట్లో పెడితే అలాగే ఉంచుకునేవారు. బాత్రూమ్ దారి కూడా మరిచిపోయారు. ఆవిడ క్షేమంగా ఉన్నారని అందరికీ చెప్పేదాన్ని. ఇంటికొచ్చి ఏడ్చేదాన్ని.

ఇరవయ్యొకటో రోజు తాళంచెవి కొడుకు చేతిలో పెట్టాను. "తమ్ముడూ, తాళం తీసెయ్. ఆమె నడిస్తే ఎంబడి నేను నడుస్త."

"ఎన్నొద్దులు నడుస్తవక్కా?"

"ఆమె నడిచినన్నొద్దులు."

అతనే లేచి తాళం తీశాడు. గేటుకు ఆవు మెడగంట ఒకటి తెచ్చి కట్టాడు, తెరిస్తే కోడలికి వినబడేలా. కోడలు ఆవిడ జాకెట్లన్నిటి లోపలి అంచుకు ఫోన్ నంబరు దారంతో కుట్టింది. రోజూ ఏ చీర కట్టారో పొద్దున్నే ఫొటో తీసి నాకు పంపేది. మెయిన్‌రోడ్డు మీద హోటలాయనకూ ఆటోలవాళ్లకూ నేను చెప్పిపెట్టాను: ఎదురొస్తే చేయి పట్టి లాగొద్దు, పక్కన నడుస్తూ ఎటు పోతున్నారో అడగండి, నాకు ఫోన్ కొట్టండి అని.

పొద్దున ఏడింటికి ఇద్దరం బయల్దేరేవాళ్లం. డబ్బా ఆవిడ చేతిలో, నీళ్ల సీసా నా చేతిలో. గూడెం దాకా కాదు, ఊరిచివర పత్తిచేల గట్టు దాకా. అక్కడ కాసేపు కూర్చుని, "ఇయ్యాల పిల్లలందరికీ అయిపోయింది సిస్టర్, పోదాం" అంటే చాలారోజులు వినేవారు. విననిరోజు డబ్బా దొంగవని నన్ను తిట్టి, చేతి మీద ఒక్కటి వేసి, గట్టు మీదే కూర్చునేవారు. నేనూ కూర్చునేదాన్ని. ఇంటికొచ్చాక కోడలు ఒక పాత నోటుబుక్కు తెరిచి ముందు పెట్టేది. డబ్బా అరమీద పెట్టి ఆవిడ సంతకం చేసేవారు. మొదట్లో పూర్తి పేరు. తర్వాత సగం. ఆఖరికి ఒక గీత. గీత గీశాక చెప్పులు విడిచి అన్నానికి కూర్చునేవారు.

నెలకొకసారి నా బండి మీద గూడేనికి తీసుకెళ్లేదాన్ని. నేను టీకాలు వేస్తుంటే మంచం మీద కూర్చుని చూసేవారు. "గట్లనేనా సూది పట్టేది? నీకెవరు నేర్పిండ్రు?" అని ఒకసారి అందరి ముందు అడిగారు. "మీరే" అన్నాను. "నేనైతే గిట్ల నేర్పను" అన్నారు. గూడెం గూడెమంతా నవ్వింది, ఆవిడ కూడా నవ్వారు. ఆ నవ్వు ఇంకొక్కసారి వినాలని నాకు ఎంత ఆశగా ఉందో చెప్పలేను.

ఇది చదివేవాళ్ల ఇళ్లల్లో అలా గేటు దాటి వెళ్లిపోయే పెద్దవాళ్లు ఉండొచ్చు. గంటలు కట్టండి, నంబర్లు కుట్టండి, అవన్నీ కావాలి. కానీ ఇవాళ ఏ వారమని వాళ్లను అడగకండి. ఏం పని మీద బయల్దేరారో అడగండి. నేను చాలా ఆలస్యంగా అడిగాను.

ఈ వానాకాలం ఆవిడకు జ్వరం వచ్చి ఛాతీలో కఫం పట్టింది. భద్రాచలం దవాఖానాలో వారం ఉండి ఇంటికొచ్చారు గానీ, మంచం దిగలేదు. మాట కూడా పోయింది.

పోవడానికి ముందురోజు, గురువారం మధ్యాహ్నం వెళ్లాను. దుప్పటి కింద పాదాలు కదులుతున్నాయి. "పొద్దటిసంది గిట్లనే ఉన్నయక్కా. దురద పెడుతుందో ఏమో, నూనె రాసిన, ఆగలే" అంది కోడలు. నేను చూశాను. కుడిది, ఎడమది, కుడిది, ఎడమది. ఆ నడక నాకు తెలుసు.

మంచం అంచున కూర్చుని పాదాల మీద చేయి వేశాను. "పత్తిచేలు దాటినం సిస్టర్" అన్నాను. "బురదుంది, చూసి. వాగుల నీళ్లు మోకాలిలోతే. నేనెనకనే ఉన్న. అగో, గూడెం కుక్కలొస్తున్నయ్." కళ్లు తెరవలేదు. పాదాలు మాత్రం నిదానించాయి. "అందరొచ్చిండ్రు సిస్టర్. ఒక్కరు గూడ తప్పలే" అన్నాను. ఆగిపోయాయి. చాలాసేపు అలాగే ఉన్నాయి. కోడలు కొంగుతో కళ్లు తుడుచుకుంది.

మళ్లీ కదిలాయి. తిరుగుదారి పట్టారని నాకు అర్థమైంది. తోడు వెళ్లాల్సింది. కానీ మూడింటికి పీహెచ్‌సీలో మీటింగుంది, అప్పటికే రెండుసార్లు ఫోన్ వచ్చింది. రేపు వస్తాలే అనుకుని లేచాను. గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి చూశాను. దుప్పటి కింద ఆ పాదాలు ఒకదాని తర్వాత ఒకటి కదులుతున్నాయి, నాకోసం ఆగకుండా.